గోదావరి డెల్టా వరి చేలలో కప్పలు: పర్యావరణ ఒత్తిడికి రక్తంలోని గ్లూకోజ్ స్పందన

ఉపోద్ఘాతం

గోదావరి డెల్టా పంటకాలం ధవళేశ్వరం వద్ద నిర్ణయమవుతుంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ఆనకట్ట, తరువాతి కాలంలో దాని స్థానంలో నిర్మించిన బ్యారేజీ, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలోని సుమారు 10 లక్షల ఎకరాలకు నీరు అందిస్తూ వచ్చాయి. దాళ్వా పంట చేతికి వచ్చే ఏప్రిల్ మాసంలో కాలువలు కట్టివేసి, పూడికతీత, మరమ్మతు పనులు ముగించుకొని, జూన్ మాసంలో సార్వా పంటకు తిరిగి నీరు వదలడం ఆనవాయితీ. ఈ రెండింటి నడుమ గల వారాలలో చేలు బీటలు వారతాయి, బోదెలు ఎండుతాయి, పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటడం సాధారణమవుతుంది.

ఈ పంటకాలాన్ని రైతుతో పాటు అనుసరించే జీవి కప్ప. దాళ్వా కోతల తరువాత అది గట్ల పగుళ్లలోకి, తడి నిలిచిన మురుగుకాలువల అంచులలోకి చేరుకుంటుంది. కాలువ నీరు, తొలకరి వర్షం ఒక్కసారిగా చేలలోకి రాగానే వెలుపలికి వచ్చి జతకట్టి గుడ్లు పెడుతుంది. ఆ వారాలలోనే ఆకుమళ్లు పోయడం, దమ్ము చేయడం, ఊడ్పులు, ఎరువులు, తొలి గుళికల మందు వేయడం వరుసగా జరిగిపోతాయి. వేసవి అంతా నిల్వలు ఖర్చు చేసుకున్న జీవి అత్యధిక శ్రమ చేయవలసిన సమయమూ, పొలంలో రసాయనాలు ప్రవేశించే సమయమూ ఒకటే కావడం ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

ఒత్తిడికి గురైన కప్ప రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుందన్నది శరీరధర్మశాస్త్రంలో చిరకాలంగా తెలిసిన విషయం. ఈ పెరుగుదలను వ్యాధి లక్షణంగా భావించడం సరికాదు. అది ఆపద సమయంలో కాలేయం నుంచి శరీరం తీసుకునే అప్పు వంటిది. అప్పు తీర్చుకొనే వ్యవధి దొరికితే జంతువు పూర్వస్థితికి వస్తుంది. ఒక ఆపద తీరకముందే మరొకటి వచ్చిపడితే నిల్వ అడుగంటుతుంది. డెల్టా పంటకాలంలో కప్పకు ఆ వ్యవధి ఎక్కడ లభిస్తున్నది, ఎక్కడ లభించడం లేదు, వ్యవసాయ విస్తరణ సిబ్బంది దానిని ఎట్లు కల్పించగలరు అన్నవి ఇందులోని చర్చనీయాంశాలు.

డెల్టా చేలలోని కప్పలు, వాటి ప్రాముఖ్యం

డెల్టా వరి చేలలో తరచుగా కనిపించే ఉభయచరాలలో బోదురుకప్ప (హోప్లోబాట్రాకస్ టైగరినస్) పెద్దది. నీటి ఉపరితలంపై గెంతుతూ పోయే యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్, చెరువులలో నివసించే ఆకుపచ్చని యూఫ్లిక్టిస్ హెక్సాడాక్టిలస్, ఇళ్ల పరిసరాలలో తిరిగే గరుకు చర్మపు టోడ్ (డుట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్) కూడా ఇక్కడివే. చిన్న కప్పలు దోమలను, దీపపు పురుగులను, చిన్న గొంగళి పురుగులను తింటే, బోదురుకప్ప మిడతలు, పెంకు పురుగులు, పీతల వరకు దేనినీ వదలదు.

కప్ప కాళ్ల ఎగుమతి వ్యాపారం ఈ జీవులకు ఒకప్పుడు పెద్ద ముప్పుగా పరిణమించింది. బోదురుకప్ప, యూఫ్లిక్టిస్ హెక్సాడాక్టిలస్ జాతులను 1985లో అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండవ అనుబంధంలో చేర్చారు. భారత ప్రభుత్వం 1987లో కప్ప కాళ్ల ఎగుమతిని నిషేధించింది. పంటపురుగులను అదుపులో ఉంచే సహజ శత్రువు తరిగిపోతున్నదన్న ఆందోళన ఆ నిర్ణయం వెనుక బలంగా ఉన్నది. వేట తగ్గినంత మాత్రాన రక్షణ పూర్తి కాలేదు. నేడు కప్ప ఎదుర్కొంటున్న ఒత్తిడి అధికంగా అది నివసించే నీటి నుంచి, మట్టి నుంచి వస్తున్నది.

సాధారణ స్థితిలో గ్లూకోజ్

మానవునిలో పరగడుపున డెసిలీటరు రక్తానికి 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. విశ్రాంతిగా ఉన్న కప్పలో ఈ విలువ సాధారణంగా ఇంతకన్నా తక్కువ. జాతి, ఋతువు, లింగం, ఆహారం, శరీర ఉష్ణోగ్రతలను బట్టి అది మారుతూ ఉంటుంది. శీతరక్త జీవికి తన శరీరాన్ని వేడిగా నిలుపుకొనే భారం లేదు కనుక నిరంతర ఇంధన అవసరం స్వల్పం. అందువల్ల పక్షులు, క్షీరదాలు పాటించే కచ్చితమైన గ్లూకోజ్ నియంత్రణ కప్పలో కనిపించదు. ఒకసారి పెరిగిన గ్లూకోజ్ తిరిగి తగ్గడానికి కూడా ఎక్కువ సమయం పడుతుంది.

రక్తంలోని గ్లూకోజ్‌కు మూలం కాలేయంలోని గ్లైకోజెన్. ఈ పదార్థాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1857లో వేరుపరచి వివరించాడు. నిల్వకూ రక్తంలోని విలువకూ గల నిష్పత్తిని గ్రహించడానికి ఒక లెక్కను ఉదాహరణగా తీసుకోవచ్చు. కప్ప బరువు 100 గ్రాములు, రక్తం 8 మిల్లీలీటర్లు, గ్లూకోజ్ డెసిలీటరుకు 40 మిల్లీగ్రాములు అనుకుంటే, రక్తం మొత్తంలో ఉన్న గ్లూకోజ్ 3.2 మిల్లీగ్రాములు మాత్రమే. కాలేయం 3 గ్రాములు, అందులో గ్లైకోజెన్ 10 శాతం అనుకుంటే నిల్వ 300 మిల్లీగ్రాములు. అంటే రక్తంలో ఉన్నది నిల్వలో దాదాపు నూరవ వంతు. బోదెలో పారే నీటిమట్టాన్ని చూసి ఎగువన ఉన్న నీటి నిల్వను అంచనా వేయడం ఎంత పొరపాటో, రక్తంలోని ఒక్క విలువను చూసి కప్ప నిల్వలను అంచనా వేయడం అంత పొరపాటు. ఈ లెక్క ప్రాధాన్యం కొలతల విభాగంలో మరల కనిపిస్తుంది.

ఒత్తిడికి స్పందించే యంత్రాంగం

స్పందన రెండు దశలలో జరుగుతుంది. మొదటిది నిమిషాలలో మొదలయ్యేది. ఆపద సంకేతం నాడీ మండలం ద్వారా అడ్రినల్ కణజాలానికి చేరుతుంది. క్షీరదాలలో వలె కప్పలో అడ్రినల్ గ్రంథి మూత్రపిండానికి పైన టోపీలాగా ఉండదు. మూత్రపిండాల ఉదరతలంపై పసుపు వర్ణపు పట్టీగా వ్యాపించి ఉంటుంది. అక్కడి కణాలు అడ్రినలిన్ విడుదల చేస్తాయి. అది కాలేయ కణాలపై పనిచేసి గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమును ఉత్తేజపరుస్తుంది. గ్లైకోజెన్ విచ్ఛిన్నమై గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది. క్లోమంలో పుట్టే గ్లూకగాన్ ఇదే దిశలోను, ఇన్సులిన్ దీనికి వ్యతిరేక దిశలోను పనిచేస్తాయి.

రెండవ దశ గంటలు, రోజుల పాటు సాగేది. మెదడులోని హైపోథలామస్, దానికి దిగువన గల పీయూష గ్రంథి ఆజ్ఞలపై అడ్రినల్ కణజాలం నుంచి కార్టికోస్టిరాన్ స్రవిస్తుంది. మానవునిలో కార్టిసాల్ చేసే పనిని కప్పలో ప్రధానంగా ఇది చేస్తుంది. కండరాల ప్రోటీన్లను కరిగించి, వాటి అమైనో ఆమ్లాల నుంచి కాలేయంలో కొత్త గ్లూకోజ్ తయారయ్యేలా చూస్తుంది. ఇది కొద్దికాలం ప్రాణరక్షకం. దీర్ఘకాలం కొనసాగితే కండరం క్షీణిస్తుంది, రోగనిరోధక శక్తి మందగిస్తుంది, సంతానోత్పత్తి వెనుకబడుతుంది.

పీయూష గ్రంథికీ రక్తంలోని చక్కెరకూ గల సంబంధం మొదట స్పష్టపడినది టోడ్‌లపై జరిగిన ప్రయోగాలలోనే అన్నది విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం. క్లోమం తొలగించిన టోడ్‌లలో వచ్చే తీవ్ర మధుమేహం, పీయూష గ్రంథిని కూడా తొలగించినప్పుడు ఉపశమించడాన్ని అర్జెంటీనా శాస్త్రవేత్త బెర్నార్డో హుస్సే, ఆయన సహచరులు 1930 ప్రాంతంలో నిరూపించారు. ఆ పరిశోధనల పరంపరకు గాను హుస్సేకు 1947లో నోబెల్ బహుమతి లభించింది.

విడుదలైన గ్లూకోజ్ కణాలలో ఏటీపీగా మారితేనే ఉపయోగం. ఏటీపీని కండరం నుంచి వేరుపరచి గుర్తించిన తొలి శాస్త్రవేత్తలలో ఒకరైన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో ఈ డెల్టాలోని భీమవరంలోనే జన్మించారు. ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నప్పుడు ఒక గ్లూకోజ్ అణువు నుంచి దాదాపు 30 ఏటీపీ అణువులు లభిస్తే, ఆక్సిజన్ లేనప్పుడు రెండు మాత్రమే లభిస్తాయి. ఆక్సిజన్ కొరత ఏర్పడినప్పుడు నిల్వలు ఎంత వేగంగా తరిగిపోతాయో ఈ తేడాయే తెలుపుతుంది.

పొలంలో ఎదురయ్యే ఒత్తిళ్లు

1. నీటి కొరత. కప్ప చర్మం నీటిని, వాయువులను ఇరువైపులా రానిస్తుంది. నోటితో నీరు తాగే అలవాటు దానికి లేదు. తొడల మధ్య గల పలుచని పొట్ట చర్మాన్ని తడినేలకు ఆనించి నీరు పీల్చుకుంటుంది. అందువల్ల నేల ఎండిపోవడమంటే దానికి దాహం తీరే దారి మూసుకుపోవడమే. శరీరంలోని నీరు తగ్గేకొద్దీ రక్తం చిక్కబడుతుంది, గుండె పని మందగిస్తుంది, కణజాలాలకు ఆక్సిజన్ అందడం కష్టమవుతుంది. ఈ స్థితిలో కాలేయం గ్లూకోజ్‌ను పెద్దఎత్తున విడుదల చేస్తుంది. రక్తపు నీరు తగ్గడం వలన గాఢత పెరిగినట్లు కనిపించేది కొంత మాత్రమే. అధిక భాగం గ్లైకోజెన్ విచ్ఛిన్నం ద్వారా వచ్చినదే. శివారు భూములలో నీటి లవణీయత పెరిగినప్పుడు కూడా చర్మం ద్వారా నీరు వెలుపలికి పోతుంది కనుక, నీటిలో ఉంటూనే కప్ప నిర్జలీకరణకు గురికావచ్చు.

2. అధిక ఉష్ణోగ్రత. శీతరక్త జీవులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే జీవక్రియ వేగం సుమారు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద ఇరవై రోజులకు సరిపోయే నిల్వ 35 డిగ్రీల వద్ద ఏడు నుంచి పది రోజులకే ఖర్చవుతుందని దీని అర్థం. గ్రీష్మకాల సుప్తావస్థలో కప్ప జీవక్రియను తగ్గించుకొని, కొవ్వును ప్రధాన ఇంధనంగా వాడుకుంటూ, గ్లైకోజెన్‌ను ఆపద్ధనంగా దాచుకుంటుంది. నీడ, తడి గల లోతైన మట్టి దొరికినప్పుడే ఈ పొదుపు సాధ్యం. ఉష్ణమండల శీతరక్త జీవులు ఉష్ణోగ్రత మార్పులకు సర్దుకొనే తీరుపై తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో ఆచార్య కె. పంపాపతి రావు 1960ల నాడే పరిశోధనలు సాగించారు. శీతల దేశాల జంతువులపై వచ్చిన ఫలితాలను యథాతథంగా ఇక్కడి జీవులకు అన్వయించరాదని గ్రహించడానికి అటువంటి అధ్యయనాలు తోడ్పడ్డాయి.

3. ఆక్సిజన్ కొరత, అమ్మోనియా. నిలువ నీటి చేలలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠానికి పడిపోతుంది. ఎదిగిన కప్ప ఊపిరితిత్తులతో గాలి పీల్చుకొని బయటపడగలదు. లేత టాడ్‌పోల్‌కు (తోకకప్పకు) ఆ వెసులుబాటు తక్కువ. చేలో నీరు నిలిచి ఉండగా యూరియా వెదజల్లితే అది అమ్మోనియాగా మారుతుంది. నాచు పెరిగిన నీటిలో పగటివేళ పీహెచ్ పెరిగినప్పుడు ఆ అమ్మోనియాలో విషతుల్యమైన రూపం నిష్పత్తి అధికమవుతుంది. రైతుకు నత్రజని గాలిలో కలిసిపోవడం, టాడ్‌పోల్‌కు ఊపిరాడకపోవడం ఒకే తప్పిదానికి రెండు ఫలితాలు.

4. పురుగుమందులు. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ వర్గాల మందులు ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమును నిరోధిస్తాయి. నాడుల చివర ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి కండరాలు ఎడతెగకుండా సంకోచిస్తాయి. అదే సంకేతం అడ్రినల్ కణజాలాన్ని కూడా ప్రేరేపించి అడ్రినలిన్ విడుదలకు దారితీస్తుంది. ఫలితంగా కాలేయ గ్లైకోజెన్ తగ్గడం, రక్తంలో గ్లూకోజ్ పెరగడం, కండరంలో లాక్టిక్ ఆమ్లం చేరడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. ఈ వర్గపు మందులకు గురైన చేపలలోను, కప్పలలోను సాధారణంగా కనిపించే సరళి ఇదే. వరిలో ఒకప్పుడు విరివిగా వాడిన ఫోరేట్, ట్రయజోఫాస్‌లను కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో జారీ చేసిన ఉత్తర్వు ద్వారా 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. అయినప్పటికీ గుళికల రూపంలోని ఇతర మందులు నేటికీ ఆకుమళ్లలోను, ఊడ్చిన చేలలోను వాడుకలో ఉన్నాయి. గుళికలు నేరుగా నీటిలోనే కరుగుతాయి కనుక చర్మంతో నీరు పీల్చే జీవికి అవి సూటిగా చేరతాయి.

శీతల దేశపు నిదర్శనం

ఉత్తర అమెరికాలోని అడవి కప్ప (రానా సిల్వాటికా) గ్లూకోజ్ స్పందనకు పరాకాష్ఠ. శీతాకాలంలో దాని శరీరంలోని నీటిలో సుమారు మూడింట రెండు వంతులు మంచుగా మారుతుంది, గుండె ఆగిపోతుంది, వసంతంలో మంచు కరిగిన తరువాత అది మరల గెంతుతూ పోతుంది. ఈ జాతి గడ్డకట్టి కూడా బతకగలదని విలియం ష్మిడ్ 1982లో ప్రకటించగా, కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ స్టోరీ బృందం దాని జీవరసాయన రహస్యాన్ని వివరించింది. చర్మంపై మంచు ఏర్పడిన కొద్ది నిమిషాలలోనే కాలేయం గ్లైకోజెన్‌ను కరిగించడం ప్రారంభిస్తుంది. ప్రధాన అవయవాలలో గ్లూకోజ్ లీటరుకు 200 మిల్లీమోల్‌లకు మించుతుంది. డెసిలీటరుకు మిల్లీగ్రాములలో చెప్పాలంటే అది 3,600కు పైమాట. ఆ చక్కెర కణాలలోని నీటిని పట్టి ఉంచి కణం పూర్తిగా కుంచించుకుపోకుండా కాపాడుతుంది. మంచు కరిగిన తరువాత ఆ గ్లూకోజ్ తిరిగి కాలేయంలో గ్లైకోజెన్‌గా మారుతుంది.

డెల్టా పాఠకునికి ఈ ఉదాహరణ రెండు కారణాల వలన అవసరం. కణం వెలుపల నీరు మంచుగా మారినప్పుడు కణంలోని నీరు బయటికి లాగబడుతుంది కనుక, గడ్డకట్టడం కూడా కణానికి ఒక విధమైన నిర్జలీకరణమే. నీరు కోల్పోయిన కప్పలలో సహజంగా కనిపించే గ్లూకోజ్ స్పందన నుంచే మంచును తట్టుకొనే శక్తి పరిణామం చెంది ఉండవచ్చునని స్టోరీ బృందం ప్రతిపాదించింది. ఆ విధంగా ధవళేశ్వరం చేలలో మే నెల ఎండకు బోదురుకప్ప చూపే స్పందన, కెనడా మంచులో అడవి కప్ప చూపే స్పందన ఒకే మూలానికి చెందిన శాఖలు. రెండవ కారణం ఇంతకన్నా ముఖ్యమైనది. అంత భారీ పెరుగుదల నుంచి అడవి కప్ప కోలుకోగలగడానికి కారణం, శరత్కాలంలో నింపుకున్న అపార నిల్వ, వసంతంలో లభించే విరామం. పెరిగిన గ్లూకోజ్ దానికి హాని చేయడం లేదు. నిల్వ, విరామం రెండూ లేని చోట ఇదే స్పందన హానికరమవుతుంది.

డెల్టా పంటకాలంలో ఒత్తిళ్ల కూడిక

పై విషయాలను డెల్టా పంటకాలంతో సరిపోల్చినప్పుడు మూడు సంధికాలాలు స్పష్టమవుతాయి.

మొదటిది కాలువలు కట్టివేసిన నాటి నుంచి నీరు వదిలే వరకు. ఆహారం తక్కువ, ఉష్ణోగ్రత ఎక్కువ, తడి మట్టి అరుదు. దాళ్వా గడ్డిని చేలోనే తగులబెట్టినచోట, గట్లను పూర్తిగా చెక్కివేసినచోట, కాలువ గట్లకు కాంక్రీటు లైనింగు వేసినచోట దాగే స్థలం మరింత తగ్గుతుంది. ఈ కాలం ముగిసేసరికి కప్ప నిల్వలు కనిష్ఠ స్థాయిలో ఉంటాయని భావించడం సమంజసం.

రెండవది నీరు వదిలిన తరువాతి మూడు నాలుగు వారాలు. మగ కప్ప రాత్రంతా అరుస్తుంది. అరుపు సమయంలో దాని ఆక్సిజన్ వినియోగం విశ్రాంత స్థితి కంటే అనేక రెట్లు పెరుగుతుంది. ఆడ కప్ప వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. దమ్ము యంత్రాల తాకిడి, ఎరువులు, ఆకుమడిలోని గుళికలు, ఊడ్చిన చేలోని గుళికలు ఇదే వ్యవధిలో వస్తాయి. తరిగిన నిల్వపై మరొక అప్పు పడేది ఇక్కడే. డెల్టా కప్పకు అత్యంత క్లిష్టమైన దశగా దీనిని గుర్తించాలి.

మూడవది పిలక దశ నాటి నీటి తీసివేత. సుడిదోమ నివారణకు, వేరు ఆరోగ్యానికి చేను ఆరబెట్టడం మంచి యాజమాన్య పద్ధతే. కాని అప్పటికి టాడ్‌పోల్‌ల కాళ్లు పూర్తిగా ఏర్పడి ఉండకపోవచ్చు. నీరు తగ్గుతున్నప్పుడు టాడ్‌పోల్‌లో కార్టికోస్టిరాన్, థైరాయిడ్ హార్మోనుతో కలిసి రూపవిక్రియను వేగిరపరుస్తుంది. త్వరగా కప్పగా మారి బయటపడుతుంది గాని, శరీరం చిన్నదై, నిల్వలు కొద్దివై, తరువాతి జీవితంలో బలహీనంగా ఉంటుంది. చేను ఒక్కరోజులో పూర్తిగా ఎండిపోతే ఆ అవకాశం కూడా ఉండదు.

కొలత, అన్వయం

కప్పలో గ్లూకోజ్ కొలిచేటప్పుడు పట్టుకోవడమే ఒక తీవ్రమైన ఒత్తిడి. అందువల్ల తొలి రక్త నమూనాను పట్టుకున్న మూడు నిమిషాల లోపు తీయాలి. ఆలస్యమైన నమూనా పొలం పరిస్థితిని గాక, పరిశోధకుని చేతి పట్టును కొలుస్తుంది. నమూనాతో పాటు గంట, నీటి ఉష్ణోగ్రత, శరీర బరువు, పొడవు, లింగం, కరిగిన ఆక్సిజన్, విద్యుత్ వాహకత, గత పదిహేను రోజులలో ఆ మడిలో వాడిన మందుల వివరాలు నమోదు చేయాలి.

ఒక్క విలువ చాలదని పైన ఇచ్చిన లెక్క సూచిస్తున్నది. కప్పను తడిగుడ్డ సంచిలో ఉంచి, అరగంట నుంచి గంట తరువాత రెండవ నమూనా తీసి, రెండు విలువల మధ్య తేడాను పరిశీలించడం మేలు. అన్వయానికి ఈ క్రింది సూత్రాలు ఉపకరిస్తాయి.

మొదటి విలువ తక్కువ, రెండవది స్పష్టంగా ఎక్కువ: నిల్వలు ఉన్నాయి, స్పందన సజీవంగా ఉన్నది. ఇది ఆరోగ్యవంతమైన కప్ప.

మొదటి విలువే ఎక్కువ, రెండవ దానిలో పెరుగుదల స్వల్పం: పట్టుకొనే ముందే జంతువు ఒత్తిడిలో ఉన్నది.

రెండు విలువలూ తక్కువ, శరీరం బక్కచిక్కినది: నిల్వలు అడుగంటిన సూచన. ఒక్క నమూనాయే తీసి ఉంటే దీనిని మొదటి వర్గంలో చేర్చే ప్రమాదం ఉన్నది. అత్యంత దుస్థితిలో ఉన్న కప్పయే కాగితంపై ఆరోగ్యవంతంగా కనిపించే సందర్భమిది.

గ్లూకోజ్ విలువ ఒత్తిడి ఉన్నదని చెబుతుంది గాని దాని కారణాన్ని చెప్పదు. ఎండ, ఆకలి, ఉప్పునీరు, మందు అన్నీ ఒకే దారిలో కాలేయాన్ని చేరతాయి. మందు ప్రభావాన్ని నిర్ధారించడానికి ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ పరీక్ష, నీటి నమూనా విశ్లేషణ తప్పనిసరి. మానవులకై తయారైన గ్లూకోమీటరును వాడేవారు మరొక జాగ్రత్త పాటించాలి. కప్ప ఎర్ర రక్తకణాలకు కేంద్రకం ఉంటుంది. రక్తంలో కణాల శాతం సాధారణంగా మానవునిలో కన్నా తక్కువ. అందువల్ల యంత్రం చూపే విలువను ప్రయోగశాల పద్ధతితో సరిచూసుకొన్న తరువాతే నివేదికలో చేర్చాలి.

కప్పలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. అటవీ శాఖ అనుమతి, సంస్థాగత జంతు నైతిక సంఘం ఆమోదం లేకుండా వాటిని పట్టుకోవడం, రక్తం తీయడం తగదు. అనుమతి లేని విద్యార్థులకు కూడా చేయదగిన పని ఉన్నది. నీరు వదిలిన తరువాత ప్రతి వారం ఒకే రాత్రి వేళ, ఒకే గట్టుపై, పది నిమిషాల పాటు అరుపులను జాతుల వారీగా లెక్కించడం. మడి మూలలలో గుడ్ల నురగలు, టాడ్‌పోల్‌లు, చనిపోయిన కప్పలు ఉన్నవేమో నమోదు చేయడం. ధవళేశ్వరం దిగువన కాలువ ఎగువ భాగంలో ఒక గ్రామం, మధ్య భాగంలో ఒకటి, శివారులో ఒకటి ఎంచుకొని రెండు మూడు సంవత్సరాలు ఈ నమోదు సాగిస్తే, రక్త పరీక్షలు ఏ దశలో, ఎక్కడ అవసరమో ఆ సమాచారమే చూపుతుంది.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. కాలువలు కట్టివేసే కాలంలో గ్రామ చెరువు అంచున, మురుగుకాలువ మలుపులో, పొలం పల్లపు మూలలో కొద్దిపాటి తడి, గడ్డి, నీడ మిగిలి ఉండేలా రైతులను ప్రోత్సహించాలి. దాళ్వా గడ్డిని తగులబెట్టకుండా పశుగ్రాసంగా తరలించడమో, నేలలో కలియదున్నడమో చేయించాలి.

2. నారును కాపాడేందుకు మందు తప్పనిసరైతే దానిని ఆకుమడికే పరిమితం చేయాలి. ఆకుమడి విస్తీర్ణం ప్రధాన చేనులో కొద్ది భాగం మాత్రమే కనుక, అదే రక్షణ అతి తక్కువ మందుతో లభిస్తుంది. మందు వేసిన మడి తూములు కట్టివేసి, ఆ నీరు బోదెలలోకి, మురుగుకాలువలోకి పోకుండా చూడాలి.

3. ఊడ్చిన చేలో ముందుజాగ్రత్త పేరుతో గుళికలు చల్లే అలవాటును మాన్పించాలి. పురుగు ఉనికిని గమనించి, ఆర్థిక నష్టపరిమితి దాటినప్పుడే, సిఫారసు చేసిన మోతాదులో మందు వాడాలి. గుడ్లు, లేత టాడ్‌పోల్‌లు కనిపిస్తున్న మడులలో ఈ నియమం మరింత కచ్చితంగా పాటించాలి.

4. సుడిదోమ ఉధృతి గల ప్రాంతాలలో ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదలడం, నత్రజనిని దఫాలుగా వేయడం మందుల అవసరాన్నే తగ్గిస్తాయి. యూరియాను నిలువ నీటిలో గాక, నీరు తీసి పలుచని బురద పదునులో వేసి, తరువాత నీరు పెట్టాలి.

5. చేను ఆరబెట్టేటప్పుడు నీటిని క్రమంగా తీసి, పల్లపు మూలలో ఒక చిన్న గుంటను నీటితో ఉంచాలి. టాడ్‌పోల్‌లు అందులోకి చేరుకుంటాయి. ఈ గుంటకు రైతు వెచ్చించేది ఒక మనిషి కొద్దిసేపటి పని మాత్రమే.

6. లైనింగు చేసిన కాలువలలో అక్కడక్కడ గరుకు వాలు, రాతి మెట్లు ఏర్పరచవలసిందిగా నీటి వినియోగదారుల సంఘాల ద్వారా జలవనరుల శాఖ దృష్టికి తేవాలి. నిట్రగా ఉన్న నునుపైన గోడల మధ్య పడిన కప్ప బయటికి రాలేదు.

ముగింపు

కప్ప రక్తంలో పెరిగే గ్లూకోజ్ దాని ఓటమికి గుర్తు కాదు, ఎదురు నిలిచే ప్రయత్నానికి గుర్తు. ఆ ప్రయత్నం ఫలించాలంటే ముందు నిల్వ ఉండాలి, తరువాత విరామం ఉండాలి. డెల్టాలో నిల్వను హరించేది వేసవి. విరామాన్ని హరించేది సార్వా తొలి వారాలలో ఒకదానిపై ఒకటి వచ్చిపడే యాజమాన్య చర్యలు. వేసవిని మార్చడం మానవ సాధ్యం కాదు. గుళికలు ఎప్పుడు, ఎక్కడ, ఎంత వేయాలన్నది మాత్రం రైతు, విస్తరణ అధికారి కలిసి తీసుకొనే నిర్ణయం. ధవళేశ్వరం నుంచి నీరు వదిలిన నాటి నుంచి నెల రోజుల పాటు ప్రధాన చేలలోకి అనవసరమైన మందు చేరకుండా చూడగలిగితే, కప్పకు కావలసిన విరామం చాలావరకు లభిస్తుంది. ఆ ఏడాది పిలక దశలో పురుగులను తినవలసిన కప్పలు ఆ నెలలోనే పుడతాయి.